పొట్టలో మిత్రులు... శత్రువులు!

ఏలూరు నుంచి కొల్లేరు మీదుగా కైకలూరు, ఆకివీడు దాటితే భీమవరం. తాడేపల్లిగూడెం వైపు నుంచి వచ్చినా దారి పొడవునా వరిచేలూ చేపల చెరువులే. ఇప్పుడంటే వీధికో ఆస్పత్రి ఉంది కానీ... ఒకప్పుడు ఈ పల్లపు సీమలో విరేచనాలు పట్టుకున్నాయంటే ఇంటిల్లిపాదికీ గుండెల్లో రాయి పడేది.

1895లో ఇదే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇంట్లో అదే జరిగింది. ఎనిమిది రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములు పోయారు. జబ్బు పేరు ట్రాపికల్‌ స్ప్రూ. మన పెద్దలు గ్రహణి అనే జబ్బు లాంటిదే. తిన్నది ఒంటపట్టదు, రక్తం తగ్గిపోతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు. తర్వాత అది సుబ్బారావునీ పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో బతికి బయటపడ్డారు.

1922లో అమెరికా వెళ్లిన ఆయన 1940లో లెడర్లే కంపెనీ పరిశోధనశాలలో చేరారు. పాలను పులియబెట్టే బ్యాక్టీరియా ఒకటి పెరగాలంటే కావలసిన పదార్థమేమిటో వెతుకుతూ ఆయన బృందం 1945లో ఫోలిక్‌ యాసిడ్‌ను తయారుచేసింది. ఆయన సారథ్యంలోని పరిశోధనల్లోనే బెంజమిన్‌ డగ్గర్‌ అరియోమైసిన్‌ను కనుగొన్నారు. టెట్రాసైక్లిన్‌ మందుల్లో అదే మొదటిది. ఇంతకీ స్ప్రూకి ఇప్పటికీ ఇచ్చే మందులేమిటో తెలుసా? ఫోలిక్‌ యాసిడ్‌, టెట్రాసైక్లిన్‌! తోబుట్టువుల్ని మింగిన జబ్బుకి రెండు మందులూ ఆయన నడిపిన పరిశోధనశాల నుంచే వచ్చాయి. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే సుబ్బారావు కన్నుమూశారు.

కాపలాదారులే దొంగలైతే...

యాంటీబయాటిక్‌ వేస్తే జబ్బు తగ్గుతోందంటే బ్యాక్టీరియా పాత్ర ఉన్నట్టే కదా. స్ప్రూ చిన్నపేగు జబ్బు. పెద్దపేగు కథ ఇంకా పెద్దది. అక్కడ లక్షల కోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయి. మనం తిన్న పీచును అవి పులియబెట్టి బ్యూటిరేట్‌ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. పేగు గోడ కణాలకు అదే తిండి. లోపలి వాపును అణచేదీ అదే. పీచు అందకపోతే కొన్ని సూక్ష్మజీవులు పేగును కాపాడే జిగురు పొరనే కొరికేస్తాయని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. గోడ బలహీనపడితే రోగనిరోధక కణాలు రంగంలోకి దిగుతాయి. ఆ పోరే వాపు. నాలుగు రోజుల్లో చల్లారితే సరే. ఏళ్ల తరబడి రగిలితే కణాలు చెడుతూ, మళ్లీ పుడుతూ, ఎక్కడో ఒకచోట గతితప్పుతాయి. పెద్దపేగులో పుండ్లు పడే అల్సరేటివ్‌ కొలైటిస్‌ చాలాకాలం ఉన్నవారికి క్యాన్సర్‌ ముప్పు ఎక్కువ కావడానికి కారణమిదే.

కొన్ని ఈ-కొలై రకాలు ఇంకో అడుగు ముందుకేసి కొలిబాక్టిన్‌ అనే విషంతో నేరుగా డీఎన్‌ఏనే గాయపరుస్తాయి. 11 దేశాల్లోని 981 కణుతుల్ని పరిశీలించిన అధ్యయనం 2025లో వెలువడింది. ఆ విషపు ముద్ర డెబ్భై దాటినవారి కంటే నలభైలోపు రోగుల్లో 3.3 రెట్లు ఎక్కువగా కనిపించిందట! చిన్నతనంలోనే ఆ దెబ్బ తగిలి ఉండొచ్చని శాస్త్రవేత్తల అనుమానం. అయితే ఆ బ్యాక్టీరియా ఉన్నవాళ్లందరికీ క్యాన్సర్‌ వస్తుందని కాదు.

వరి పండే సీమలోనూ ఇప్పుడు కంచంలోకి వచ్చేది తెల్లగా పాలిష్‌ పట్టిన బియ్యమే. పీచంతా తవుడుతో పోతుంది. ఆ లోటు పప్పు, ఆకుకూరలు, జామకాయలతో పూడ్చుకోవాలి. మజ్జిగ, చద్దన్నం మంచివే. వాటితో క్యాన్సర్‌ రాదని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. కాస్త జ్వరం రాగానే మందులషాపులో అడిగి యాంటీబయాటిక్స్‌ వేసుకునే అలవాటూ మంచిది కాదు, వాటికి మిత్రుడెవరో శత్రువెవరో తెలీదు.

మలంలో రక్తం కనిపిస్తే మొలలని సరిపెట్టుకుని నెలలు గడిపేవాళ్లు ఎందరో. మొలలే కావచ్చు, కాకపోనూవచ్చు. తేల్చేది డాక్టరే. కొలనోస్కోపీలో క్యాన్సర్‌గా మారబోయే పిలకలు దొరికితే అప్పటికప్పుడే తీసేయొచ్చు.

ముదిరితే కీమో తప్పకపోవచ్చు. అందులో తరచూ 5-ఎఫ్‌యూ అనే మందు ఇస్తారు. దాని బలం పెంచేందుకు ల్యూకోవోరిన్‌ అనే మరో మందునూ ఎక్కిస్తారు. అది సుబ్బారావు బృందం తయారుచేసిన ఫోలిక్‌ యాసిడ్‌ కుటుంబంలోదే.