బిట్ పట్టు చిక్కితేనే పీఎల్‌సీ!

ఒక కన్వేయర్ బెల్టు. దాని మోటారుకు ఒక స్టార్ట్ బటన్, ఒక స్టాప్ బటన్. స్టార్ట్ నొక్కి వదిలేసినా మోటారు తిరుగుతూనే ఉండాలి. స్టాప్ నొక్కితే ఆగాలి. దీనికి పీఎల్‌సీ ప్రోగ్రామ్ రాయండి.

ఆటోమేషన్ కొలువుకు ఇంటర్వ్యూకి వెళ్తే ఇలాంటి ప్రశ్న ఎదురవడానికే అవకాశం ఎక్కువ. ‘ఇంతేనా!’ అనుకుని రెండు నిమిషాల్లో ల్యాడర్ గీసేస్తారు. అసలు ప్రశ్న ఆ తర్వాత వస్తుంది: ‘స్టాప్ బటన్ వైరు తెగిపోతే మీ మోటారు ఏమవుతుంది?’

ఈఈఈ, ఈసీఈ, ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లకు యాండ్, ఆర్, నాట్ కొత్తేమీ కాదు. ట్రూత్ టేబుళ్లు వేసి పరీక్ష గట్టెక్కినవాళ్లే అంతా. చిక్కల్లా ఏమిటంటే క్లాసులో 0 అంటే వట్టి 0. ఫ్యాక్టరీలో ఆ బిట్ వెనక ఒక బటన్, పదుల మీటర్ల వైరు, 24 వోల్టుల సప్లై ఉంటాయి. బటన్ తెరుచుకున్నా, వైరు తెగినా, సప్లై పోయినా పీఎల్‌సీకి కనిపించేది ఒకటే... 0. కాబట్టి ప్రోగ్రామ్ రాసే ముందే తేల్చుకోవాల్సిన సంగతి ఇది: 0 వస్తే యంత్రం ఆగాలా, నడవాలా?

స్టాప్ బటన్‌ను నార్మల్లీ క్లోజ్డ్‌గా వైరింగ్ చేసేది ఇందుకే. ఎవరూ నొక్కనప్పుడు ఇన్‌పుట్ 1. నొక్కితే 0. వైరు తెగినా 0... మోటారు ఆగిపోతుంది. అప్పుడు లాజిక్ ఇలా ఉంటుంది:

మోటార్ = (స్టార్ట్ ఆర్ మోటార్) యాండ్ స్టాప్

బ్రాకెట్‌లోని రెండో ‘మోటార్’ను సీల్-ఇన్ అంటారు. స్టార్ట్ వదిలేసినా మోటారు తన బిట్‌తో తనే నిలబడుతుంది. చాలామంది తప్పులో కాలేసేది చివర్లో ఉన్న స్టాప్ దగ్గర. ‘బటన్ నార్మల్లీ క్లోజ్డ్ కదా’ అని ల్యాడర్‌లోనూ నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్టే పెట్టేస్తారు. ఇక స్టాప్‌ను నొక్కి పట్టుకుంటే తప్ప మోటారు స్టార్ట్ కాదు! ల్యాడర్‌లో కాంటాక్టు అడిగేది ‘బిట్ 1గా ఉందా?’ అని. బటన్ ఏ రకమో దానికి తెలియదు. కాబట్టి ఇక్కడ రాయాల్సింది నార్మల్లీ ఓపెన్ కాంటాక్టు.

దీనికి తలకిందుల పద్ధతీ ఉంది. నార్మల్లీ ఓపెన్ బటన్ వైరింగ్ చేసి, ప్రోగ్రామ్‌లో నాట్ పెట్టడం. ల్యాబ్‌లో రెండూ ఒకేలా పనిచేస్తాయి, మార్కులూ ఒకటే పడతాయి. తేడా తెలిసేది వైరు తెగిన రోజున. ఆపరేటర్ స్టాప్ ఎంత నొక్కినా బెల్టు ఆగదు. ఒక మాట, ఎమర్జెన్సీ స్టాప్ వేరే కథ. దాన్ని మామూలు పీఎల్‌సీ బిట్‌కు వదిలేయకూడదు, సేఫ్టీ రిలేనో సేఫ్టీ పీఎల్‌సీనో ఉండాల్సిందే. ఇది ఇంటర్వ్యూలో మీరే ముందుగా చెబితే మంచిది.

కరెంటు పోయి వస్తే? సీల్-ఇన్‌లో మోటార్ బిట్ 0 అయిపోతుంది, మళ్లీ స్టార్ట్ నొక్కాల్సిందే. అదే సెట్-రీసెట్ వాడి, ఆ బిట్‌ను కరెంటు పోయినా నిలిచే రిటెంటివ్ మెమరీలో పెట్టారనుకోండి. కరెంటు రాగానే బెల్టు దానంతటదే కదలొచ్చు. ఆ సమయంలో ఎవరైనా బెల్టు మీద చెయ్యి పెట్టి శుభ్రం చేస్తుంటే?

ల్యాడర్ రూపం చూసి ‘ఇదేం ప్రోగ్రామింగ్’ అనుకోకండి. బూలియన్ ఆల్జీబ్రాతో రిలే సర్క్యూట్లను లెక్కకట్టవచ్చని క్లాడ్ షానన్ 1937లో తన మాస్టర్స్ థీసిస్‌లో చూపించారు. 1968లో జనరల్ మోటార్స్ రిలే ప్యానెళ్లకు ప్రత్యామ్నాయం కావాలని అడగడం, డిక్ మోర్లీ బృందం మోడికాన్ కంట్రోలర్‌ను రూపొందించడం ఆ తర్వాతి కథ. రిలే బొమ్మలు చదవగలిగే ఎలక్ట్రీషియన్లకు అర్థం కావాలనే ల్యాడర్ అలా ఉంది.

పదహారు అలారాలు.. ఒకే అంకె

డ్రైవ్‌లు, మీటర్లు తమ స్థితిని తరచూ 16 బిట్ల స్టేటస్ వర్డ్‌గా పంపుతాయి. మీకు 37 వచ్చిందనుకోండి. అంటే 32+4+1. బిట్ 5, బిట్ 2, బిట్ 0 ఆన్‌లో ఉన్నాయన్నమాట. బిట్ 0 మోటార్ రన్నింగ్, బిట్ 2 ఓవర్‌లోడ్, బిట్ 5 ఆయిల్ తక్కువ అనుకుందాం. ఓవర్‌లోడ్ ఒక్కటే చూడాలంటే 37ను 4తో యాండ్ చేయండి. 4 వస్తే ఉంది, 0 వస్తే లేదు. దీన్నే మాస్కింగ్ అంటారు.

ఎక్స్‌ఆర్ ఇంకా ముచ్చటైనది. కిందటి స్కాన్‌లో 33, ఇప్పుడు 37. రెండింటినీ ఎక్స్‌ఆర్ చేస్తే 4... మారింది బిట్ 2 ఒక్కటే. ఆ 4ను కొత్త విలువ 37తో యాండ్ చేస్తే మళ్లీ 4. అంటే ఓవర్‌లోడ్ ఇప్పుడే కొత్తగా వచ్చింది. కాసేపటికి మోటారు ఆగి 36 వచ్చింది. 37 ఎక్స్‌ఆర్ 36 అంటే 1. దాన్ని 36తో యాండ్ చేస్తే 0. మారింది, కానీ పడిపోయింది. పదహారు అలారాలకు పదహారు రంగ్‌లు రాయకుండా రెండు ఆపరేషన్లతో పని ముగుస్తుంది.

సీమెన్స్ ఎస్7-300 లాంటి వాటిలో ఒక మెలిక ఉంది. ఎండబ్ల్యూ10 వర్డ్‌లో బిట్ 0 ఏది అంటే ఎం10.0 అని ఠక్కున చెప్పేస్తారు. కాదు, ఎం11.0! అక్కడ పెద్ద బైటు ముందు వస్తుంది మరి.

సాధన ఎలా?

వేలకు వేలు ఫీజు కట్టే ముందు కోడెసిస్‌ను ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోండి. అందులోని సిమ్యులేషన్‌కు అసలు పీఎల్‌సీ అక్కర్లేదు. ఓపెన్ పీఎల్‌సీ కూడా ఉచితమే. పైన చెప్పిన మోటారునే రాసి, స్టాప్ ఇన్‌పుట్‌ను 0 చేసి చూడండి. ఒకే అవుట్‌పుట్‌ను రెండు రంగ్‌లలో మామూలు కాయిల్‌గా రాసి ఏది నెగ్గుతుందో గమనించండి. మొదటి రంగ్ ఏం చెప్పినా, చివర్లో రాసిందే బయటికి వెళ్తుంది.

ఆ తర్వాత బ్రాకెట్‌ను జరపండి: మోటార్ = స్టార్ట్ ఆర్ (మోటార్ యాండ్ స్టాప్). చూడ్డానికి మొదటిదానిలాగే నడుస్తుంది. స్టార్ట్, స్టాప్ రెండూ ఒకేసారి నొక్కి పట్టుకుంటే మాత్రం తేడా వస్తుంది. ఏ సూత్రంలో మోటారు ఆగుతుందో, ఏ దాంట్లో తిరుగుతూనే ఉంటుందో ముందు కాగితం మీద తేల్చుకుని, తర్వాత సిమ్యులేషన్‌లో సరిచూసుకోండి.