ఆటోమేటెడ్ ఎక్స్‌టర్నల్ డీఫిబ్రిలేటర్

ఆటోమేటెడ్ ఎక్స్‌టర్నల్ డీఫిబ్రిలేటర్ (సంక్షిప్తంగా ఏ.ఇ.డి.) అనేది అకస్మాత్తుగా గుండె ఆగి పడిపోయిన వ్యక్తికి విద్యుద్ఘాతం (షాక్) ఇచ్చి, గుండె లయను చక్కబరచడానికి వాడే చిన్న పరికరం. విమానాశ్రయాలు, క్రీడాప్రాంగణాలు, పెద్ద కార్యాలయాలు వంటి చోట్ల గోడకు అమర్చిన పెట్టెలో ఇది కనిపిస్తుంది. వైద్యులు కానివారు కూడా వాడేందుకే దీనిని రూపొందించారు.

పనిచేసే తీరు

గుండె కింది గదులైన జఠరికలు ఒక క్రమంలో ముడుచుకొని రక్తాన్ని నెడతాయి. ఆ క్రమం చెడి కండరపు పోగులు దేనికదే అదరడాన్ని ఫిబ్రిలేషన్ అంటారు. అప్పుడు రక్తం ముందుకు కదలదు. మనిషి కొన్ని క్షణాలలోనే స్పృహ కోల్పోతాడు. షాక్ ఈ అల్లరినంతటినీ ఒక్కసారిగా ఆపగా, గుండె తన సహజ లయను అందుకొనే అవకాశం కలుగుతుంది. అందరూ ఒకేసారి మాట్లాడుతున్న తరగతిలో ఉపాధ్యాయుడు బల్లపై గట్టిగా ఒక్క దెబ్బ కొట్టడం వంటిదన్నమాట.

సినిమాలలో తెరపై గీత సమంగా సాగినపుడు షాక్ ఇచ్చి బ్రతికించినట్లు చూపుతారు. ఇది పొరపాటు. అక్కడ అణచవలసిన అలజడే లేదు కనుక షాక్ వలన ప్రయోజనం లేదు. ఏ.ఇ.డి. గుండె లయను తానే పరిశీలించి, అవసరమైతేనే షాక్‌కు అనుమతిస్తుంది.

చరిత్ర

1947లో అమెరికా వైద్యుడు క్లాడ్ బెక్ శస్త్రచికిత్స గదిలో, తెరచిన ఛాతీలోని గుండెకు నేరుగా షాక్ ఇచ్చి ఒక బాలుని బ్రతికించాడు. 1965లో బెల్‌ఫాస్ట్ వైద్యుడు ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అంబులెన్సులో తీసుకువెళ్ళగల డీఫిబ్రిలేటరును తయారుచేశాడు. దాని బరువు సుమారు 70 కిలోలు. అమెరికాలోని జూదశాలల భద్రతా సిబ్బందికి ఏ.ఇ.డి. వాడకం నేర్పి జరిపిన అధ్యయనం 2000లో వెలువడింది. ఇతరులు చూస్తుండగా ఫిబ్రిలేషన్‌తో కుప్పకూలిన వారిలో, 3 నిమిషాలలోపు షాక్ అందినవారు 74 శాతం బ్రతికారు. ఆ తరువాత అందినవారిలో బ్రతికినది 49 శాతం.

వాడే విధానం

పడిపోయిన వ్యక్తిని భుజం తట్టి పిలవాలి. పలకకుండా, శ్వాస కూడా మామూలుగా లేకపోతే గుండె ఆగినట్లే భావించాలి. ఎగశ్వాసను మామూలు శ్వాసగా పొరబడరాదు. గుండెపోటు వచ్చి స్పృహలో ఉన్నవారికి ఏ.ఇ.డి. వాడకూడదు, వారిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

ఒకరు 108కి ఫోను చేయాలి, మరొకరు ఏ.ఇ.డి. తేవాలి. అది వచ్చేవరకు రొమ్ము మధ్యలో నిమిషానికి 100 నుండి 120 సార్లు, సుమారు 5 సెంటీమీటర్ల లోతుకు గట్టిగా నొక్కుతూ ఉండాలి. యంత్రాన్ని ఆన్ చేయగానే అదే మాటలతో దారి చూపుతుంది. ఒక ప్యాడ్‌ను కుడివైపు మెడ ఎముక కింద, రెండవదానిని ఎడమ చంక కింద పక్కటెముకలపై అంటించాలి. ఇక్కడ కుడి ఎడమలు రోగివి, మనవి కావు. ప్యాడ్లపై బొమ్మలుంటాయి. షాక్ ఇచ్చిన వెంటనే నాడి వెతుకుతూ కూర్చోక, మళ్ళీ నొక్కడం మొదలుపెట్టాలి. రెండేసి నిమిషాలకు ఒకసారి యంత్రం తిరిగి పరిశీలిస్తుంది.

జాగ్రత్తలు

యంత్రం లయను పరిశీలించేటపుడు, షాక్ ఇచ్చేటపుడు రోగిని ఎవరూ తాకరాదు. మీట నొక్కేవారు "అందరూ దూరం జరగండి" అని బిగ్గరగా చెప్పి, చుట్టూ ఒకసారి చూడాలి. కొన్ని నమూనాలలో మీట ఉండదు, హెచ్చరించి తామే షాక్ ఇస్తాయి. నీటిలో పడి ఉన్నవారిని పొడిచోటికి జరిపి, రొమ్మును తుడవాలి. చర్మం కింద పేస్‌మేకర్ ఉబ్బెత్తుగా కనిపిస్తే ప్యాడ్‌ను దానిపై కాక పక్కగా అంటించాలి.

స్త్రీల విషయంలో రవిక తొలగించడానికి సంకోచించి ఆలస్యం చేస్తారు. ప్యాడ్లు చర్మానికే అంటాలి, బట్టపై పనిచేయవు. నలుగురు చీర అడ్డుపట్టి నిలబడితే మర్యాదా దక్కుతుంది, సమయమూ దక్కుతుంది. మంగళసూత్రం, గొలుసులు తీయనక్కరలేదు, ప్యాడ్లకు తగలకుండా పక్కకు జరిపితే చాలు. గర్భిణులకు కూడా వాడవచ్చు. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు చిన్న ప్యాడ్లు లేనపుడు పెద్దవే వాడి, ఒకటి రొమ్ముపై, ఒకటి వీపుపై అంటించాలి.

రోగి కోలుకొన్నట్లు కనిపించినా అంబులెన్సు వచ్చేవరకు ప్యాడ్లు పీకరాదు, యంత్రాన్ని ఆపరాదు.

నిర్వహణ

బ్యాటరీకీ ప్యాడ్లకూ గడువు ఉంటుంది. జిగురు ఎండిన ప్యాడ్లు అంటుకోవు. పెట్టెకు తాళం వేసి, తాళంచెవిని ఎవరి సొరుగులోనో దాచే అలవాటు మాత్రం మానుకోవాలి.