తెరమీది పేలుడు - వాస్తవికత

ఆమధ్య తొమ్మిదో తరగతిలో 'కళ్ళకు కట్టినట్టు వర్ణించడం' అంటే ఏమిటని అడిగాను. ఒక కుర్రవాడు ఏదో సినిమాలోని పేలుడు సంగతి ఎత్తాడు. "అంతా కంప్యూటర్లో చేసిందేనట మాస్టారూ, అయినా అచ్చం నిజంలాగే ఉంది" అన్నాడు. వెనక బెంచీలోంచి ఒక రాతిక్వారీ కార్మికుడి కొడుకు లేచి, "మా నాన్న పనిచేసేచోట మందుపెట్టి పేలిస్తే మంట కనబడదు మాస్టారూ, రాయి ఉబికి దుమ్ము లేస్తుంది" అన్నాడు. ఇద్దరూ చూసిందే చెప్పారు. మరి 'నిజంలాగే' అన్న మాటకు అర్థమేమిటి? ఈ ప్రశ్న సాహిత్యంలో వాస్తవికత గురించి వాదించుకునే మనది కూడా. జవాబు వెతికేముందు ఆ పేలుడు తయారీ తెలుసుకోవాలి.

1982లో వచ్చిన 'స్టార్ ట్రెక్ 2' చిత్రంలో ఒక నిర్జీవ గోళాన్ని అగ్ని చుట్టుముట్టే దృశ్యం ఉంది. దానికోసం విలియం రీవ్స్ మంటను వేలాది రేణువుల గుంపుగా భావించాడు. ప్రతి రేణువుకూ పుట్టుక, వేగం, రంగు, ఆయుర్దాయం ఉంటాయి. నిప్పురవ్వలకు ఈ పద్ధతి నేటికీ పనికొస్తుంది. కాని ఆ రేణువులు ఒకదాన్నొకటి ఎరగవు. అందుచేత పొగసుడులకు అది చాలలేదు.

పొగ నీటిలాగే ప్రవహిస్తుంది. ప్రవాహాల చలనానికి 19వ శతాబ్దంలో నేవియర్, స్టోక్స్ సమీకరణాలు రాశారు. వాటిని బొమ్మలకు సరిపడేంత వేగంగా, లెక్క చెదిరిపోకుండా సాధించే మార్గాన్ని 1999లో జోస్ స్టామ్ చూపాడు. స్థూలంగా పద్ధతి ఇది: గాలిని చిన్నచిన్న గదులుగా విభజిస్తారు. ప్రతి గదిలో ఇంధనమెంత, వేడెంత, పొగెంత, గాలి ఎటు పోతోంది అని క్షణక్షణానికీ లెక్క కడతారు. ఇంధనం మండి వేడి పుడుతుంది. వాయువు వ్యాకోచించి పక్కగదులను నెడుతుంది. వేడిగాలి పైకి లేస్తే చల్లగాలి పక్కలనుంచి చొరబడుతుంది. ఈ ఒరిపిడిలోంచే కాలీఫ్లవర్‌లాంటి ముడతలు పుడతాయి. రంగు కూడా వేడినిబట్టే: మొదట తెలుపు, పసుపు, చల్లారేకొద్దీ నారింజ, ఎరుపు, చివరికి మసి నలుపు. గది కొలతను సగం చేస్తే గదుల సంఖ్య 8 రెట్లవుతుంది గనుక సూక్ష్మమైన వివరానికి ఖరీదెక్కువ.

గమనించండి: ఆ ముడతలను ఎవరూ ఒక్కొక్కటిగా గీయరు. కారణాలను అమరుస్తారు, వాటిలోంచి రూపం వస్తుంది. శిల్పం గురించి మనం నేర్చుకోదగిన మంచి పాఠమిది.

అయితే కుర్రవాడి దుమ్ము సంగతేమిటి? కార్యకారణ సంబంధం సరిగ్గానే ఉన్నా, ఏ పేలుడును చూపాలో ఎంచుకునేది మనిషి. క్వారీలో వాడే మందు క్షణంలో వెయ్యోవంతులో పేలి, రాతిని చీల్చి, దుమ్ము మిగులుస్తుంది. సినిమావాళ్ళు దశాబ్దాలపాటు పెట్రోలును గాలిలోకి చిమ్మి అంటించారు. అది చూపులకు ఘనంగా ఉంటుంది. ప్రేక్షకుడి కన్ను ఆ నారింజరంగు బంతికి అలవాటుపడింది. ఇవాళ కంప్యూటర్ ఎక్కువగా అనుకరిస్తున్నది ఆ పాత పెట్రోలు మంటనే. అంటే నకలుకు నకలు. చప్పుడూ అంతే. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. కిలోమీటరు దూరంలోని పేలుడు దాదాపు మూడు సెకన్ల తర్వాతగాని వినబడదు. తెరమీద చాలాసార్లు మంటా మోతా ఒక్కసారే వస్తాయి.

1945 జూలై 16న జరిగిన తొలి అణుపరీక్షను 2023లో 'ఓపెన్‌హైమర్' చిత్రం చూపింది. దర్శకుడు నోలన్ ఆ దృశ్యాన్ని కంప్యూటర్ సృష్టించిన బొమ్మలు లేకుండా నిజమైన మంటలతోనే తీయించాడు. అణ్వస్త్రంతో పోలిస్తే ఆ మంట ఏపాటిది? కాని వెలుగుకూ మోతకూ నడుమ ఆయన నిశ్శబ్దాన్ని నిలిపాడు. మంటకంటే ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయపెడుతుంది. ఎందుకంటే అది పేలుడు స్వభావంలోంచి వచ్చింది.

మన కథల్లో గుడిసె, ఆకలి, సమ్మె, భూస్వామి మీసం - వీటిలో జీవితంనుంచి తెచ్చుకున్నవెన్ని? వెనకటి కథలనుంచి తెచ్చుకున్నవెన్ని? పాఠకుడు 'అచ్చం నిజంలాగే ఉంది' అన్నంతమాత్రాన మనం పొంగిపోనక్కర్లేదు. అతను చదివిన పాత కథలాగే ఉందని కావచ్చు ఆ మాటకు అర్థం.

క్వారీ గురించి ఒక పేజీ రాసి తెమ్మని ఆ వెనక బెంచీ కుర్రవాడికి చెప్పాను. తెచ్చాడు. అందులో మంట లేదు. మోత ఒక్క వాక్యం. మిగతాదంతా దుమ్ము - అది అన్నం గిన్నెమీద ఎలా పేరుకుంటుందో, రాత్రిళ్ళు నాన్న ఎలా దగ్గుతాడో. వాస్తవికత గురించి చర్చ వచ్చినప్పుడల్లా నాకిప్పుడు ఆ పేజీయే గుర్తుకొస్తోంది.