సన్నని మనిషికి గుండెపోటేల?

మా పాఠశాలకు వచ్చుచుండిన తండ్రి యొకరు ఇప్పుడు లేరు. వారి పేరు వ్రాయము. బజారువీధిలో చిన్న దుకాణము నడుపుకొనుచు, తల్లిదండ్రుల సమావేశమునకు అందరికంటె ముందుగా వచ్చి మొదటి బల్లపై కూర్చుండువారు. వయస్సు నలువది నాలుగు. కాలుసేతులు సన్నని మనిషి. చొక్కా గుండీల యొద్ద మాత్రము పొట్ట కొంచెము ముందునకు వచ్చియుండెడిది. ఒకనాటి రాత్రి భోజనమైన పిమ్మట రొమ్ములో బరువుగా నున్నదనిరి. వాయువనుకొనిరి. గోలీసోడా త్రాగిరి, ఓమము నమిలిరి, తెల్లవారిన పిమ్మట వైద్యునికి చూపుదమనుకొనిరి. తెల్లవారునప్పటికి ఎనిమిదవ తరగతి చదువుచున్న వారి కుమార్తె తండ్రిలేని బిడ్డ అయినది. పలుకరింపబోయిన వారందరును అన్న మాట ఒక్కటే: “అంత సన్నని మనిషికి గుండెపోటేమిటి?”

ఆనాడు మాకును సమాధానము తెలియదు. పిమ్మట వైద్యుల నడిగియు, గ్రంథములు చూచియు తెలిసికొన్న దానిని తల్లిదండ్రుల ముందుంచుటకే ఈ వ్యాసము. ఇట్టి విషయములను తెలుపు కరపత్రములు మన ఊత్తుకోటలో తమిళమునను ఇంగ్లీషునను లభించును. ఇంటిలో అవ్వయు తాతయు చదువునది తెలుగు. వంట చేయువారికిని వడ్డించువారికిని తెలియవలసిన మాట ఇంటి భాషలోనే ఉండుట మేలని తోచినది.

2004వ సంవత్సరమున ‘లాన్సెట్’ అను ఇంగ్లీషు వైద్యపత్రికలో ఇద్దరు వైద్యుల ఛాయాచిత్రమొకటి అచ్చయినది. ఒకరు పూనా నగరమునందలి చిత్తరంజన్ యాజ్ఞిక్. మరియొకరు ఇంగ్లండునకు చెందిన జాన్ యుడ్‌కిన్. మనిషి బరువును కిలోలలో తీసికొని, ఎత్తును మీటర్లలో తీసికొని, బరువును ఎత్తుచేత రెండుమారులు భాగించినచో వచ్చు అంకెను బట్టి వైద్యులు స్థూలకాయమును నిర్ణయింతురు. ఆ అంకె ఇరువురకును 22.3. అనగా ఇరువురును స్థూలకాయులు కారు. కాని దేహమునందలి క్రొవ్వును కొలిచి చూడగా ఇంగ్లీషు వైద్యునకు నూటికి 9.1 పాళ్లు, మన యాజ్ఞిక్ గారికి 21.2 పాళ్లు ఉన్నది! త్రాసు ఇద్దరిని సమానులనినది. లోపలి లెక్క వేరు. భారతీయులలో పలువురు చూపునకు సన్నముగా నుండియు లోపల క్రొవ్వు గలవారని చెప్పుటకు ఆ చిత్రము నేటికిని ఉదాహరింపబడుచున్నది.

క్రొవ్వంతయు ఒక్క తీరుది కాదు. చర్మము క్రింద చేతితో పట్టుకొనగల క్రొవ్వు ఒకటి. అది అందమును చెరచునేమో కాని, అంతగా అపకారి కాదు. ప్రేగుల చుట్టును, కాలేయము చుట్టును, ఆ పిమ్మట కాలేయములోనే చేరు క్రొవ్వు రెండవది. ఇది ఊరక పడియుండు మూట కాదు. ఎడతెగక రక్తములోనికి క్రొవ్వు ఆమ్లములను వదలుచుండును. ప్రేగులనుండి బయలుదేరిన రక్తము ముందుగా కాలేయమునకే పోవును గనుక ఆ భారమంతయు దానిపై పడును. అంతట కాలేయము ట్రైగ్లిసరైడులను ఎక్కువగా తయారుచేసి రక్తములోనికి పంపును, మేలుచేయు కొలెస్ట్రాల్ తగ్గును, ఇన్సులిన్ మాటను కండరములు వినకుండును, చక్కెర పెరుగును, రక్తపు పోటు హెచ్చును. గుండెకు రక్తమునిచ్చు ధమనుల లోపలి గోడలలో క్రొవ్వు పేరుకొని, ఏదో యొకనాడు ఆ పెచ్చు పగిలి, అచట రక్తము గడ్డకట్టి దారి మూసికొనిపోవును. అదియే గుండెపోటు. ఇది ఒకనాటిలో జరుగునది కాదు, ఏండ్ల తరబడి నొప్పి లేకయే జరుగును.

ఈ అపాయము మన దక్షిణాదివారికి క్రొత్తది కాదు. 1967లో రైల్వే వైద్యులైన ఎస్. ఎల్. మల్హోత్రా గారు దేశమంతటి రైల్వే ఉద్యోగుల లెక్కలు తీసి ప్రకటించిరి. గుండెజబ్బు పంజాబువారిలోకంటె దక్షిణాదివారిలో ఏడింతలు ఎక్కువగా కనబడినది. విచిత్రమేమనగా, పంజాబువారు తిను క్రొవ్వు దక్షిణాదివారు తినుదానికంటె 8 మొదలు 19 రెట్లు ఎక్కువ. కారణమును గూర్చి వాదములు సాగినవి. అన్ని దోషములను నేతిగిన్నె మీద త్రోసివేయ వీలులేదని మాత్రము ఆ లెక్క చెప్పుచున్నది. (ఇది చదివి నేయి ధారగా పోసికొనవచ్చునని ఎవరైన అనుకొన్నచో ఆ పాపము మాది కాదు.) తరువాత 52 దేశములలో జరిగి 2004లో వెలువడిన ‘ఇంటర్‌హార్ట్’ పరిశోధన వలన, దక్షిణాసియావారికి మొదటి గుండెపోటు సుమారు 53వ ఏట వచ్చుచున్నదనియు, ఇతర దేశములవారికి 59వ ఏట వచ్చుచున్నదనియు తెలిసినది. ఆరేండ్లు! ఆ ఆరేండ్లలో ఒక బిడ్డ ఆరవ తరగతినుండి పన్నెండవ తరగతికి పోవును.

కావున త్రాసుకంటె ముందు దర్జీవాని టేపును తీసికొనవలెను. కొలుచు విధమును కొంచెము వివరముగా చెప్పెదము, ఏలయన చాలమంది తప్పు కొలుతురు. పంచె కట్టుకొను చోటును, ప్యాంటు నిలుచు చోటును కొలువరాదు. పొట్ట పెరిగినకొలది మగవారు ప్యాంటును పొట్ట క్రిందికి దించుకొందురు. అందుచేత పదేండ్లుగా అదే అంకె చెప్పుచు తాము పెరుగలేదని నమ్ముదురు. ప్రక్కనున్న చివరి ప్రక్కటెముకకును, తుంటి యెముక పైయంచునకును నడిమి భాగమున, బట్ట తొలగించి, ఊపిరి మామూలుగా విడిచిన పిమ్మట, టేపును బిగింపక నేలకు సమముగా చుట్టవలెను. పొట్టను లోనికి లాగికొనుట మనలను మనమే మోసగించుకొనుట. మన దేశపు పురుషులకు 90 సెంటీమీటర్లు, అనగా ముప్పదియైదున్నర అంగుళములు. స్త్రీలకు 80 సెంటీమీటర్లు, అనగా ముప్పదియొకటిన్నర అంగుళములు హద్దు. అంకెలు గుర్తుండనివారు ఒక త్రాడును తీసికొని తమ ఎత్తునకు సరిగా త్రుంచి, దానిని సగమునకు మడిచి నడుమునకు చుట్టి చూచుకొనవచ్చును. సగము త్రాడు నడుమును చుట్టిరానిచో జాగ్రత్తపడవలెను.

ఇక తిండి. 1918లో కూనూరునందు బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకు ఏర్పడిన చిన్న కేంద్రమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా నున్నది. బెరిబెరి మెరుగుపట్టిన బియ్యమునే నమ్ముకొన్నవారికి వచ్చు లోపవ్యాధి. లోపములను వెదకుటకు పుట్టిన ఆ సంస్థయే 2024లో ఆహార సూచనలను వెలువరించుచు, దినమునకు కావలసిన శక్తిలో ధాన్యములవలన వచ్చునది నూటికి 45 పాళ్లను మించరాదని చెప్పవలసి వచ్చినది. మన ఇండ్లలో పప్పునకొక వాయి, పులుసునకొక వాయి, చారునకొక వాయి, పెరుగునకొక వాయి అన్నము వడ్డింతురు. ఈ మర్యాదను మానుమని మేము చెప్పము. నాలుగు వాయిలును ఉండవచ్చును. ఒక్కొక్క వాయిలో అన్నము సగము చేసి, కూరను రెండింతలు చేసి, పప్పును చిక్కగా వండవలెను. మాలో ఇరువురు ఇట్లు చేసి చూచితిమి. మొదటి వారము పెరుగన్నము దగ్గర మిక్కిలి కష్టముగా నుండెను, మూడవ వారమునకు అలవాటైనది. రాగిసంగటి మంచిదే, కాని అన్నము మానితిమన్న ధైర్యముతో రెండు ముద్దలు తినువారికి లాభము లేదు.

నూనె లెక్క ఇంటి యిల్లాలికి తెలిసినంత మరెవ్వరికిని తెలియదు. నలుగురున్న ఇంట నెలకు నాలుగు లీటర్లు అయిపోవుచున్నచో, ఒక్కొక్కరికి దినమునకు 33 మిల్లీలీటర్లు. పదునైదు మిల్లీలీటర్లు పట్టు పెద్ద చెంచాడు వేరుసెనగనూనెలో సుమారు 120 కెలోరీలుండును. నెలకు రెండున్నర లీటర్లకు దించుకొన్నను వంట రుచి చెడదు. కాఫీలో చక్కెర మరియొకటి. చెంచాడు చక్కెరకు 20 కెలోరీలు. రెండేసి చెంచాలతో నాలుగు కాఫీలు త్రాగు దుకాణదారునకు 160. ఈ నూనెలోను, చక్కెరలోను, అన్నములోను కలిసి దినమునకు 300 కెలోరీలు తగ్గించుట పెద్ద తపస్సు కాదు. లెక్క ప్రకారము నెలకు ఒక కిలో క్రొవ్వు తరుగును. వాస్తవములో కొంత తక్కువే తరుగునని ముందే చెప్పుచున్నాము. దేహభారములో నూటికి ఐదు పాళ్లు తగ్గినను చక్కెరయు, రక్తపు పోటును తగ్గుముఖము పట్టును. మధుమేహమునకు మందు వాడువారు మాత్రము వైద్యునికి చెప్పకుండ అన్నము తగ్గింపరాదు. చక్కెర మితిమీరి పడిపోవచ్చును.

పొట్ట కరగించునని అమ్ము పట్టీలును, చూర్ణములును కొని మోసపోవలదు. పొట్టకు మాత్రమే వ్యాయామము చేసి అచటి క్రొవ్వును మాత్రమే కరగింప వీలులేదు. దేహమంతయు కదలినపుడే లోపలి క్రొవ్వు కదలును. బరువు తగ్గకున్నను, నడకవలన నడుము తగ్గుట కలదు.

ఇందుకు లండన్ బస్సుల కథ చెప్పవలెను. 1953లో జెర్రీ మోరిస్ అను వైద్యుడు అచటి రెండంతస్తుల బస్సులలో పనిచేయువారిని పరిశీలించెను. డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు దినమునకు 500 నుండి 750 మెట్లెక్కును. గుండెజబ్బు కండక్టర్లకు తక్కువగా వచ్చినది. 1956లో ఆ బృందమువారు బస్సు సంస్థ ఉద్యోగులకిచ్చిన ప్యాంట్ల కొలతలను తీసి చూడగా డ్రైవర్ల నడుములు పెద్దవిగా తేలినవి. చిన్న వయస్సు డ్రైవర్లకు సైతము కొంత తేడా ఉండుటచే కూర్చుండుటయొక్కటే కారణమని తేల్చి చెప్పరాదనియు తెలిసినది. ఎట్లైనను, మన బజారులో గల్లాపెట్టె ముందు ఉదయమునుండి రాత్రివరకు కూర్చుండువారందరును డ్రైవర్లే.

వారమునకు కనీసము 150 నిమిషములు వడిగా నడువవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన. మాటలాడ వీలగును గాని పాడ వీలుకాదన్నంత వడి. మనకు దారులకు కొదువలేదు. ఆరణి నది వంతెన దాటి సురుటుపల్లి వైపు నడువవచ్చును. అచట పల్లికొండేశ్వరుడు హాలాహలము మ్రింగి శయనించియున్నాడు. ఆయన విషమును కంఠముననే నిలిపికొనెను, మనము అన్నింటిని పొట్టలోనికి దించుకొందుము. ప్రదోషమునాడు వాహనమెక్కి పోవువారు అది మాని నడచి పోవచ్చును. తిరుత్తణి కొండకు 365 మెట్లున్నవి, ఏడాదికి ఎన్ని దినములో అన్ని. కాని చాలకాలము కదలక కూర్చున్నవారు ఒకేమారు ఆ మెట్ల మీదికి పోరాదు. మెట్లెక్కునపుడు రొమ్ము బిగిసినట్లున్నచో వైద్యునికి చూపుకొన్న పిమ్మటనే ఎక్కవలెను. నడచి వచ్చి హోటలులో రెండు వడలు తినువారికి నడకవలన ఖర్చయినది తిరిగి వచ్చును, వడ్డీతో సహా.

తల్లులకు ఒక మాట. బిడ్డలు విడిచిన అన్నమును పారవేయలేక తినుట, అందరికంటె వెనుక ఆలస్యముగా భుజించుట అనునవి నడుమునకే చేరును. బహిష్టు నిలిచిన పిమ్మట పొట్ట మరింత సులభముగా పెరుగును, గుండెకున్న రక్షణయు తగ్గును. గుండెజబ్బు మగవారిదే యనుట పొరపాటు. పిల్లల విషయమున ఉపవాసములును, ఆంక్షలును వలదు. దినమున కొక గంట ఆట చాలును. ట్యూషను పేరిట ఆ గంటను తీసికొనకుందురుగాక!

పొగాకు మానక తక్కినవన్నియు చేసినను ఫలము సగమే.

రొమ్ము నడుమ బరువు, నొక్కుడు, ఎడమచేతికి గాని దవడకు గాని వీపునకు గాని ప్రాకు నొప్పి, చల్లని చెమట, ఆయాసము — వీనిలో ఏది కనబడినను అది వాయువని నిశ్చయించుట మన పని కాదు. స్త్రీలకును మధుమేహులకును నొప్పి లేకయే ఆయాసము, వాంతి మాత్రమే రావచ్చును. సోడా కొరకు పరుగెత్తక 108కి ఫోను చేయవలెను. ఆ సంఖ్య తమిళనాడునందును, నది దాటి ఆంధ్రదేశమునందును ఒక్కటే. రోగిని నడిపింపరాదు, ద్విచక్రవాహనముపై కొనిపోరాదు. మూసికొనిపోయిన ధమనిని తెరచుటకు మొదటి గంటలే మిక్కిలి విలువైనవి.

ఈ సంవత్సరము మొదలు తల్లిదండ్రుల సమావేశము జరుగు దినమున మా కార్యాలయములో ఒక టేపును, ఎత్తు కొలుచు కొలబద్దను ఉంచనున్నాము. తల్లులకు ఉపాధ్యాయినులు వేరు గదిలో కొలిచెదరు. అంకెను చిన్న కాగితముపై వ్రాసి మీ చేతికే ఇచ్చెదము. పుస్తకములో ఎక్కింపము, మరెవ్వరికిని చెప్పము. మరుసటి సమావేశమునకు ఆ కాగితమును మరువక తెండు.