తేలిక బండి, గతుకుల బాట

వాహనమునకు బరువే బలమని లోకములో ఒక నమ్మకము పాతుకొనిపోయినది. ఎంత మోత వినిపించిన అంత శక్తి యనియు, ఎంత స్థూలముగా కనిపించిన అంత దృఢమనియు భావించువారే ఎక్కువ. నున్నని రాజమార్గముపై ఆ నమ్మకమునకు వచ్చిన లోటేమియు లేదు. దారి తారును వదలి మట్టిలోనికి దిగినప్పుడు గాని అందలి నిజానిజములు తేలవు.

పుంగనూరు, పలమనేరుల చెంతనున్న పెద్దపంజాణి ప్రాంతము అట్టి పరీక్షకు తగిన తావు. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన మెట్టనేల యిది. చెరువుకట్టలు, ఎండిన వంకలలో పేరుకొన్న ఇసుక, పరుపుబండలు, నాలుగు చినుకులు పడినంతనే జారు ఎఱ్ఱమన్ను, మల్బరీ తోటల నడుమ సన్నని బండిబాటలు — ఒక్క పూట ప్రయాణములోనే ఇన్ని విధముల నేల చక్రము క్రిందికి వచ్చును.

ఈ నేల తనకు తగిన ప్రాణిని తానే తీర్చి దిద్దుకొన్నది. పుంగనూరు ఆవును ఎఱుగని వారుండరు. మూడడుగుల చుట్టుపట్ల ఎత్తుతో, లోకములోని అతి పొట్టి పశుజాతులలో ఒకటిగా అది పేరొందినది. కొద్దిపాటి మేతతో కఱవును కాచుకొని నిలుచుట దాని గొప్ప. పెద్ద ఒడలు ఆడంబరమే గాని అన్నిచోట్లను ఆధారము కాదని ఆ చిన్ని గోవు ఏనాడో చాటినది. యంత్రముల విషయమున మనుష్యులు ఈ పాఠమును చాల ఆలస్యముగా నేర్చుకొన్నారు.

తారుదారిని, మట్టిదారిని సమానముగా నడచు మోటారుసైకిలును డ్యూయల్ స్పోర్ట్ బండి యందురు. 1968లో జపానుకు చెందిన యమహా సంస్థ వెలువరించిన డి.టి.-1 అను 250 సి.సి. బండి ఈ జాతికి బాట వేసినది. అది తేలికైనది, చవుకైనది, సామాన్యునికి అందునట్టిది. 1978 డిసెంబరులో పారిస్ నుండి ఆఫ్రికాలోని డకార్ నగరమునకు సాగిన తొలి మహాపందెములో మోటారుసైకిళ్ల వరుసలో మొదట గమ్యము చేరినది గూడ ఒకే సిలిండరు గల యమహా ఎక్స్.టి. 500 బండియే. 2015లో సి. ఎస్. సంతోష్ డకార్ పందెమును పూర్తిచేసిన తొలి భారతీయుడైనాడు. మన దేశమున ఈ తరగతిలో హీరో సంస్థ 2011లో ఇంపల్స్‌ను, 2019లో ఎక్స్‌పల్స్ 200ను విడుదల చేసినది.

ఈ రెండవ బండి కొన్న నా పూర్వవిద్యార్థి యొకడు దానిని పెద్దపంజాణి పరిసరములలో నడిపి చూడుమని నా చేతికిచ్చెను. తాళపుచెవి ఇచ్చుటకు ముందు అతడు పెట్టిన నియమము ముచ్చటైనది. “సార్, ముందు దీన్ని నేలమీద పండబెట్టి లేపి చూడండి. లేపగలిగితేనే ఎక్కండి” అన్నాడు. ఎన్నో పుస్తకముల సారము ఆ మాటలో ఉన్నది. నిర్జనమైన వంకలో బండి పడినచో పిలిచిన పలుకువారుండరు. లేపుటకు మన వీపే దిక్కు.

ఇంధనముతో గూడ ఈ బండి బరువు సుమారు 158 కిలోలు. విదేశములలో దూరయాత్రలకు వాడు పెద్ద సాహసవాహనములలో 250 కిలోలకు పైగా తూగునవియు కలవు. పడిన బండిని లేపునపుడు చక్రములు ఆనిన చోటే ఇరుసుగా పనిచేయును గనుక, మొదట మన చేతులపై పడునది మొత్తము బరువులో ఇంచుమించు సగము. బండికి వీపు ఆనించి, మోకాళ్లు వంచి, కాళ్ల బలముతో వెనుకకు అడుగులు వేసినచో ఏబది దాటిన వాడును దానిని నిలబెట్టగలడు. తరగతిలో తులాదండ సూత్రమును బోధించు ఉపాధ్యాయ మిత్రులకు ఇంతకు మించిన ఉదాహరణము దొరుకదు.

ఇక నడక సంగతి. ముందుచక్రము 21 అంగుళములు, వెనుకచక్రము 18 అంగుళములు. పెద్ద చక్రము రాయిని తాకునపుడు వాలు తగ్గును గనుక, చిన్నచక్రము ఢీకొని ఆగిపోవుచోట ఇది ఎక్కి దాటును. నేలకును బండి అడుగుభాగమునకును నడుమ 220 మిల్లీమీటర్ల ఖాళీ ఉండుటచే పరుపుబండ అంచులు ఇంజనుకు తగులవు. గతుకులలో పాదములపై లేచి నిలుచుటయే మర్మము. అప్పుడు మోకాళ్లే స్ప్రింగులగును, బండి మన క్రింద తన యిచ్చవచ్చినట్లు కదలును. ఇసుకలో హ్యాండిలును బిగబట్టరాదు, చూపును చక్రముపై గాక దూరముపై నిలుపవలెను. పలుపు బిగించిన కొలది బెదరు దూడ వంటిదే ఈ బండియు.

గుణములతోపాటు పరిమితులను గూడ చెప్పుట ధర్మము. 823 మిల్లీమీటర్ల ఎత్తున్న ఆసనము పొట్టివారికి కష్టము. సుమారు 19 అశ్వశక్తి గల ఇంజను పల్లెబాటకు చాలును గాని, జాతీయ రహదారిపై పెద్ద వాహనములతో పోటీపడుటకు చాలదు. అన్నిట మేటియగు బండి లోకములో లేదు. నేలకు తగిన బండి, మనిషికి తగిన బండి మాత్రమే కలవు.

వింత యేమనగా, ఈ సత్యమును మన పల్లెలు ముందే గ్రహించినవి. రాజ్‌దూత్‌పై పాలక్యానులు కట్టుకొని తిరిగిన తరము నొకదానిని చూచితిమి. కుప్పమునకు ఎంతో దూరము లేని హోసూరులో 1980లో పుట్టిన టి.వి.ఎస్. 50 వంశమునకు చెందిన మోపెడ్లు నేటికిని గడ్డిమోపులను, టమోటా పెట్టెలను మోయుచు పొలముగట్లపై సాగుచున్నవి. వాని బరువు 90 కిలోలలోపే. సాహసమను పేరు వానికెవ్వరును పెట్టలేదు.

యువకులకు రెండు మాటలు. గేర్లున్న మోటారుసైకిలు నడుపుటకు పదునెనిమిదేండ్లు నిండి లైసెన్సు పొందవలెను. శిరస్త్రాణము పల్లెబాటలోను తప్పనిసరి. రెండవది మరింత ముఖ్యము. పలమనేరు, కుప్పము వైపు వ్యాపించిన కౌండిన్య అభయారణ్యము 1990లో ఏర్పడినది. అది ఏనుగుల నెలవు. తేలికబండి చొరలేని దారి లేదు గనుక, అడవిలోనికిని చొరవచ్చునన్న ఉబలాటము పుట్టుట సహజము. ఇంజను మోతకు బెదరిన ఏనుగుల గుంపు పొలములపై పడినచో, ఒకని వినోదమునకు మూల్యము చెల్లించువాడు రైతు. ఎక్కడికైనను పోగల శక్తి చేతనుండగా, పోరాని చోటి అంచున బండిని ఆపి మరలించుటకే ఎక్కువ నిబ్బరము కావలెను.

నగరవాసి సెలవుదినమున గతుకుల బాటను వెదకికొనుచు వచ్చి, దానికి సాహసయాత్ర యని పేరిడును. ఆ బాటననే వానలో పాఠశాలకు పోవు ఉపాధ్యాయుడును, తెల్లవారకమునుపే పాలు చేర్చు రైతును దానికి ఏ పేరును పెట్టరు. బాట బాగుపడవలెనని మాత్రమే కోరుదురు. తేలికబండిపై ఆ దారిని ఒక్కసారి పోయివచ్చిన వానికి ఆ కోరికలోని బరువు తెలియును.