అరవై ఆరో ఏటి గడప

ఇంగ్లండు వెళ్ళి డబ్బు సంపాదించిన మనవాళ్ళ కబుర్లు చాలా విన్నాం. అక్కడే ముసలివాళ్ళయిన మనవాళ్ళ సంగతి మాత్రం ఎవరూ అట్టే చెప్పరు. 1970లలోనూ 80లలోనూ వెళ్ళి స్థిరపడ్డవారికి ఇప్పుడు అరవయ్యో, డెబ్భయ్యో దాటాయి. వారి కీళ్ళు మొరాయించిన నాడు అక్కడి సర్కారు ఏం చేస్తుంది, ఏం చెయ్యదు అన్నది 2025 వేసవిలో లెస్టర్‌లో మా పెద్దమ్మగారి అమ్మాయి ఇంట్లో వుండగా కాగితాలన్నీ చదివి తెలుసుకున్నాను. తెలుగు మేష్టరుకు ఆ కాగితాలతో పనేమిటనవచ్చు మీరు. అన్వయం కుదరని వాక్యాలను కుదర్చటమే కదండీ మా వృత్తి. ఆ ఫారాల్లో అటువంటివి కావలసినన్ని వున్నాయి.

అక్కడ అంగవైకల్యం వున్నవారికి ‘పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్’ అని వొక భత్యం వుంది. పొడి అక్షరాల్లో ‘పిప్’ అంటారు. 2013లో వచ్చింది. దీనిలో రెండు భాగాలు: వంట, స్నానం, బట్టలు వేసుకోవటం వంటి రోజువారీ పనులకు వొకటి, నడకకూ ప్రయాణానికీ వొకటి. ఒక్కొక్క భాగంలో మామూలు రేటు, హెచ్చు రేటు అని రెండు మెట్లు. ఆస్తిపాస్తులూ రాబడీ అడగరు. మనిషి ఏమి చెయ్యగలడో చూసి మార్కులు వేస్తారు. 8 వస్తే మామూలు రేటు, 12 వస్తే హెచ్చు. నడకకు మార్కులు మీటర్ల లెక్కన పడతాయి. కర్ర పట్టుకుని 20 మీటర్లు దాటి 50 లోపు నడిచేవారికి 10 మార్కులు. 20 మీటర్లు కూడా నడవలేనివారికి 12. ఇరవై మీటర్లంటే మన పాతకాలపు ఇళ్ళల్లో వీధి అరుగు నుంచి పెరటి నూతి దాకా అనుకోండి. 2025-26లో ఈ భాగానికి మామూలు రేటు వారానికి 29.20 పౌండ్లు, హెచ్చు రేటు 77.05. హెచ్చు రేటు వచ్చేవారు ఆ డబ్బుకు బదులు ‘మోటబిలిటీ’ పథకం కింద కారు తీసుకోవచ్చు కూడా.

మా బావగారు 1984లో వెళ్ళి మిల్లులో నిలబడి పనిచేసిన మనిషి. చక్కెర జబ్బుతో పాదాలు తిమ్మిరెక్కి, మోకాళ్ళు అరిగి, అరవై రెండో ఏట పిప్‌కు దరఖాస్తు పెట్టారు. రెండు భాగాలూ మామూలు రేటున వచ్చాయి. అరవై అయిదో ఏట నడక మరింత తగ్గింది. అక్క మళ్ళీ రాయమని పోరింది. “ఇచ్చింది చాలు. కదిపితే వున్నదీ వూడుతుందేమో,” అన్నారు బావగారు. ఆ భయం వట్టిది కాదు. మార్పు సంగతి తెలియజేస్తే మొత్తం భత్యాన్ని తిరిగి తూకం వేస్తారు, పెరగవచ్చు, తగ్గవచ్చు. అందుకని వూరుకున్నారు. 2023లో ఆయనకు 66 నిండాయి.

అరవై ఎనిమిదో ఏట ఇక ఇంటిముందున్న చెత్తడబ్బా దాకా పోవటం కూడా కష్టమైనప్పుడు రాశారు. జవాబు వచ్చింది. రోజువారీ భాగం 73.90 నుంచి 110.40కి పెంచారు. నడక భాగం మాత్రం 29.20 దగ్గరే వుంచారు. ఆయన నడవగలడని కాదు, సుమండీ. నడవలేడని వాళ్ళూ వొప్పుకున్నారు. పింఛను వయస్సు దాటిన తరువాత వచ్చిన మార్పుకు నడక భాగాన్ని కొత్తగా ఇవ్వరు, మామూలు నుంచి హెచ్చుకు పెంచరు. చట్టం అది. తేడా వారానికి 47.85 పౌండ్లు, ఏడాదికి దాదాపు 2,488. కారు ఆశా దానితోపాటే పోయింది.

“ఏమోయ్ మేష్టారూ, నా చేతులు ముసలివైతే వొప్పుకుంటారట, కాళ్ళు ముసలివైతే వొప్పుకోరట. ఇదేం వ్యాకరణం?” అన్నారు బావగారు. నేనేం చెప్పను!

సర్కారువారు చెప్పే సమాధానం వొకటుంది. నడి వయస్సులోనో చిన్నతనంలోనో కాళ్ళు పోయినవారికి సంపాదించి దాచుకునే అవకాశం వుండదు. వృద్ధాప్యంలో నడక తగ్గటం అందరికీ వచ్చేదే. కనుక డబ్బు మొదటివారికి అంటారు. పూర్తిగా కొట్టివెయ్యలేని మాటే. కాని బావగారి జబ్బు అరవై ఆరులోపు వచ్చింది, సర్కారే గుర్తించింది. అదే జబ్బు ముదిరితే దానికి వృద్ధాప్యమని పేరు పెట్టటం నాకు న్యాయంగా తోచలేదు.

పింఛను వయస్సు దాటాక మొదటిసారి అడిగేవారికయితే పిప్ అసలే లేదు. వారికి ‘అటెండెన్స్ అలవెన్స్’; ఇందులో నడక భాగమే వుండదు. స్కాట్లండులో పేర్లు వేరు గాని, పెద్దవారి భత్యంలో అక్కడా నడక భాగం లేదు. అందుచేత పిప్ వున్నవారు దానిని చెయ్యిజారనివ్వకూడదు. పోయి ఏడాది దాటితే తిరిగి అందులో చేరటం వుండదు.

మనవాళ్ళకు చెప్పవలసిన మాట మరొకటుంది. ఎవరు పలకరించినా “ఫరవాలేదండీ, బాగానే వున్నాను,” అనటం మన మర్యాద. పరీక్షించే అధికారి దగ్గర ఆ మర్యాద కొంప ముంచుతుంది. ఒక్కసారి పళ్ళు బిగించి యాభై మీటర్లు నడిస్తే నడవగలిగినట్టు కాదని నిబంధనల్లోనే వున్నది. అపాయం లేకుండా, సరిగ్గా, కావలసినన్ని సార్లు, ఇతరులకు పట్టే కాలానికి రెట్టింపు దాటకుండా నడవగలగాలి. మధ్యలో ఎన్నిసార్లు ఆగారో, తరువాత ఎంతసేపు కూలబడ్డారో చెప్పాలి. చెప్పుకోవటం నామోషీ అనుకోకూడదు.

నిర్ణయం తప్పనిపిస్తే నెల రోజుల్లో పునఃపరిశీలన కోరవచ్చు. ఆ పైన ట్రిబ్యునల్ వుంది. కారు నిలుపుకునే ‘బ్లూ బ్యాడ్జి’కి పింఛను వయస్సుతో పనిలేదు, స్థానిక కౌన్సిలును అడగాలి. బావగారికి అదొకటి దక్కింది. వారి అబ్బాయి కారెక్కించుకుని దుకాణం గుమ్మం దగ్గర దింపుతున్నాడు. ఇక్కడినుంచి చుట్టపుచూపుగా పిల్లల దగ్గరకు వెళ్ళే తలిదండ్రులకు మాత్రం ఈ భత్యాలేవీ వర్తించవు.

అక్కకు అరవై మూడు. ఆవిడకూ కీళ్ళవాతమే, ఇంతవరకూ ఏమీ అడగలేదు. పింఛను వయస్సు 2026-28 మధ్య మెల్లగా 67కు జరుగుతుంది గనుక ఆవిడ గడప అరవై ఏడు. ఇంకా నాలుగేళ్ళ వ్యవధి. అయినా కష్టం మొదలై మూడు నెలలు గడిచి, మరి తొమ్మిది నెలలు వుండేట్టు కనబడితేనే ఇస్తారు కనుక, ఆఖరి నెల దాకా ఆగితే లాభం లేదు. నేను బయలుదేరే వారంలో టెలిఫోన్ చేసి ఫారం తెప్పించింది. నడక ప్రశ్న దగ్గర “ఫరవాలేదు” అని రాయబోతుంటే బావగారు కర్రతో బల్లమీద కొట్టారు.