ఒక్క యక్షరము తప్పినచో



మన యిండ్లలో పెండ్లిమాట పుట్టినపుడు మొదట వెదకునవి జాతకములు. నక్షత్రములు కుదిరినవా, గణములు కుదిరినవా యని చూపించుకొనుటకు నా యొద్దకును పలువురు వచ్చుచుందురు. ముప్పది యేండ్ల క్రిందట, మన్యపు పొలిమేర గ్రామమొకదానిలో ఉపాధ్యాయుడనై యున్నపుడు, ఒక మేనరికమునకు పొంతనములు చూచి నేనే ముహూర్తము పెట్టితిని. ఆ దంపతుల తొలిబిడ్డ నడక వచ్చిన నాటినుండి కాళ్లు చేతుల నొప్పులతో రాత్రులు రోదించెడివాడు. కన్నులు పసుపువారి యుండెడివి. అత్తింటివారు కోడలి కడుపు మంచిది కాదనిరి. కొందరు శాపమనిరి. నాకు సమాధానము తెలియక యూరకుంటిని. నేడు చెప్పబోవునది ఆనాడు నేను చెప్పవలసియుండిన సమాధానము.

మన దేహము జీవకణములనెడి యిటుకలతో కట్టిన యిల్లు. 1665లో ఇంగ్లండు దేశస్థుడగు రాబర్టు హుక్కు బెండుముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు తేనెపట్టు గదులవంటి గదులను చూచి, వానికి సెల్ అని పేరు పెట్టెను. దానినే మనము కణమనుచున్నాము. మానవదేహమున నిట్టివి సుమారు 30 లక్షల కోట్లు కలవని శాస్త్రజ్ఞుల యంచనా. అయితే ఇటుక జడము, కణము సజీవము. దానికి లోపలి సరకును వెలుపలి సరకును వేరుచేయు పలుచని పొర గలదు. అన్నసారమును దహించి శక్తిని పుట్టించు పొయ్యిలు గలవు. ఆ శక్తిని నాణెమువలె కణమంతట చెల్లించు ఏ.టి.పి. యను పదార్థమును, 1929లో అమెరికాలో ఫిస్కే యను నాచార్యునితో కూడి వెల్లడించినవాడు, భీమవరమున బుట్టిన మన యెల్లాప్రగడ సుబ్బారావు. కణములోపల కేంద్రకము గలదు. అది యింటిలోని భోషాణము వంటిది. వంశపు తాళపత్రగ్రంథము అందు భద్రముగా నున్నది.

ఆ గ్రంథము 46 సంపుటములు. వానికి క్రోమోజోములని పేరు. అందు 23 తండ్రి యిచ్చినవి, 23 తల్లి యిచ్చినవి. ఒక్కొక్కటియు డి.ఎన్.ఏ. యను మిక్కిలి సన్నని జంటదారము. ఒక్క కణములోని దారములన్నిటిని సాగదీసి కలిపినచో నాలుగు మూరలు మించును. 1953లో కేంబ్రిడ్జిలో వాట్సను, క్రిక్కు అనువారు ఈ జంటపురి స్వరూపమును నిర్ణయించిరి. లండనులో రోసలిండు ఫ్రాంక్లిను అను విదుషీమణి తీయించిన ఎక్స్ రే చిత్రములు దానికి ముఖ్యాధారములయ్యెను.

ఈ గ్రంథమునందలి యక్షరములు నాలుగే: ఏ, టీ, జీ, సీ. ఒక పోగున ఏ యున్నచోట రెండవ పోగున టీ యుండవలెను. జీ యున్నచోట సీ యుండవలెను. కావున పోగులు విడిపోయినను, ఒకదానిని చూచి రెండవదానిని వ్రాసికొనవచ్చును. ఒక కణము రెండగునపుడు గ్రంథమునకు ప్రతి తయారగుట యిట్లే.

నాలుగక్షరములతో నింత దేహమెట్లు వ్రాయబడెనని సందేహము కలుగవచ్చును. ఛందస్సు చదివినవారికిది కష్టము కాదు. గురువు, లఘువు అను రెండిటిని మూడు స్థానములలో ప్రస్తరించినచో యగణము, మగణము మొదలుగా ఎనిమిది గణములు వచ్చును. నాలుగక్షరములను మూడు స్థానములలో ప్రస్తరించినచో 64 గణములు వచ్చును. ప్రకృతియు మూడేసి యక్షరముల గణములతోనే వ్రాయుచున్నది. అందు 61 గణములు, ఎమైనో ఆమ్లములనెడి 20 విధముల పూసలలో దేనిని గ్రుచ్చవలెనో తెల్పును. తక్కిన మూడును దండ ముగిసినదని తెల్పు విరామచిహ్నములు. ఆ పూసలదండయే ప్రోటీను, అనగా మాంసకృత్తు. ఒక దండకు కావలసిన పాఠము వ్రాసియున్న భాగమును జన్యువందురు.

ఇక నెత్తురునకు వత్తము. ఊపిరితిత్తులనుండి ప్రాణవాయువును మోయు ఎఱ్ఱని ప్రోటీనునకు హిమోగ్లోబిను అని పేరు. అందలి బీటా యను దండకు 146 పూసలు. ఆరవ పూసను తెల్పు గణము జీ-ఏ-జీ. కొన్ని వంశములలో నడిమి ఏ పోయి టీ పడినది. లేఖకుని చేతిలో నొక్క యక్షరము తప్పినచో శ్లోకార్థము తలక్రిందులగుట మన మెఱుగనిది కాదు. ఇచ్చటను గ్లుటామికామ్లమునకు మారుగా వేలిను అను పూస చేరినది. దీనిని 1957లో ఇంగ్రాము అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. ప్రాణవాయువును విడిచినపుడు ఈ తప్పు దండలు ఒకదానికొకటి యంటుకొని బిరుసైన కట్టలగును. గుండ్రని రక్తకణము కొడవలివలె వంగి, సన్నని నాళములలో నడ్డుపడి, దారుణమగు నొప్పి కలిగించును. సుమారు 120 దినములు బ్రతుకవలసిన కణము 10, 20 దినములకే చితికిపోవును. అందుచేతనే రక్తహీనతయు, కన్నుల పసుపును. ఆ బాలుని వ్యాధి యిదియేయని తరువాత పట్టణపు వైద్యులు తేల్చిరి.

ఇంతటి తప్పు తరతరములుగా నేల నిలిచినది? ప్రతి జన్యువునకును మనయందు రెండు ప్రతులు గలవు. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఒక్క ప్రతియందే తప్పు గలవారిని వాహకులందురు. వారు సాధారణముగా నారోగ్యవంతులు. పైగా వారిని మలేరియా యంత తీవ్రముగా బాధింపదని 1954లో ఆలిసను అనువాడు చూపెను. కావున చలిజ్వరము మెండుగా నుండిన మన్యభూములలో నీ యక్షరము నిలిచిపోయినది.

వాహకులిరువురు దంపతులైనచో, ప్రతి కాన్పునందును నాలుగు పాళ్లలో ఒక పాలు బిడ్డ వ్యాధిగ్రస్తమగుటకును, రెండు పాళ్లు తలిదండ్రులవలె వాహకమగుటకును, ఒక పాలు నిర్దోషమగుటకును అవకాశము గలదు. మొదటి బిడ్డ రోగియైనంతమాత్రమున తరువాతి ముగ్గురును క్షేమమని తలపరాదు. ప్రతిసారియు పాచిక క్రొత్తగానే పడును. ఆ కోడలి పాలెంతయో ఆమె మగని పాలును అంతయే. నిజమునకు దోషము ఇరువురిదియు కాదు. మేనరికమున ఒకే పూర్వునినుండి ఒకే తప్పు ఇరుపక్కల దిగివచ్చు నవకాశము హెచ్చు. నేను నక్షత్రములు చూచితినే కాని దీనిని చూడనైతిని.

ఈ వ్యాధిని నిర్మూలించుటకై 2023లో భారత ప్రభుత్వము జాతీయ కార్యక్రమము నారంభించినది. కొంచెము నెత్తురు పరీక్షించి వాహకులెవరో చెప్పవచ్చును. వాహకత్వము వివాహమునకు అనర్హత కాదు. దంపతులలో నొకరి రెండు ప్రతులును నిర్దోషములైనచో బిడ్డలకీ వ్యాధి రాదు. వచ్చినవారికిని హైడ్రాక్సీయూరియా మొదలగు నౌషధములు నొప్పులను తగ్గించును.

పెద్దలారా! పెండ్లిమాటలు మీ యరుగులమీదనే నిశ్చయమగుచుండును. జాతకముతోపాటు ఆ పరీక్షకాగితమును కూడ తెప్పించుడు. బిడ్డ రోగియైన యింట కోడలిని నిందించు మాట వినబడినచో, నావలె నూరకుండకుడు.

సెలవు.